తుపాకి ముట్టని డ్రైవరు

2023 జూన్. బడులు తెరిచి వారం కూడా కాలేదు. శంషాబాద్ బస్టాండుకు దగ్గర్లో, టిఫిన్ సెంటర్ పైన మొదటి అంతస్తులో నా కంప్యూటర్ రిపేరు షాపు. పదిహేనేళ్లుగా ఇదే పని. అయినా ఇప్పటికీ మెట్లెక్కి వచ్చినవాళ్లలో సగం మంది, చేతిలో స్క్రూడ్రైవరుతో కూర్చున్న నన్ను చూసి కూడా "సార్ లేడా అక్కా?" అని అడుగుతారు. "సార్ ఇంట్ల వంట చేస్తుండు, ఏందో నాకు చెప్పున్రి" అంటాను. అది అబద్ధం కూడా కాదు. మా ఆయన చేపల పులుసు నాకంటే బాగా చేస్తాడు.

ఈ పని యంత్రాలతో అనుకుంటారు అందరూ. కాదు, కుటుంబాలతో. ఇంట్లో గొడవ ముదిరిందంటే కంప్యూటర్ నా దగ్గరికి వస్తుంది. వచ్చినవాళ్లు "ఫార్మాట్ కొట్టున్రి" అంటారు. ఫార్మాట్ అంటే లోపల ఉన్నదంతా తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడం. మా దగ్గరికి వచ్చే మొగుళ్లకూ పెళ్లాలకూ అమ్మానాన్నలకూ ఆ మాట చెవిన పడితే చాలు, ప్రాణం లేచి వస్తుంది.

ఆ శనివారం పొద్దున యాదగిరన్న వచ్చాడు. ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవరు, తెల్ల యూనిఫారం. సీపీయూని దుప్పట్లో చుట్టి పురిటి బిడ్డను తెచ్చినట్టు రెండు చేతుల మీద మోసుకొచ్చాడు. "ఎనక సీట్ల బెల్టు పెట్టి తెచ్చిన అక్కా, ఏం కదలలే" అన్నాడు.

"ఏమైందన్నా? ఆన్ అయితలేదా?"

"మంచిగనే ఆన్ అయితుంది. గదే లొల్లి. ఇండ్ల తుపాకుల ఆట ఉంది. దాన్ని ఏర్లతోని పీకెయ్యాలె. మళ్ల మొలవొద్దు."

"ఎవరాడతరు?"

"నా బిడ్డ. శ్రావ్య. తొమ్మిదో తరగతి."

"ఆడపిల్లనా!" అన్నాను. గొంతులో సంతోషం దాచుకోలేకపోయాను. ఆయన నన్ను కొరకొరా చూశాడు.

ఆయన ఏ ఆట గురించి చెప్తున్నాడో నాకు తెలుసు. నూరు మంది ఒక దీవిలో దిగుతారు. దొరికిన తుపాకి పట్టుకుని ఒకరినొకరు కాల్చుకుంటారు, చివరిదాకా మిగిలినవాళ్లు గెలుస్తారు. స్నేహితులు జట్టుగా కూడా ఆడొచ్చు. హెడ్‌సెట్ పెట్టుకుంటే ఒకరి మాట ఒకరికి వినిపిస్తుంది. ఆడని పిల్లలు ఈ చుట్టుపక్కల ఉన్నారా అని వెతుక్కోవాలి. ఆ మాటే చెప్పబోయాను. యాదగిరన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"గది కాదక్కా. మొన్న నేను డ్రాప్ చేసి ఇంటికొచ్చే యాల్లకు ఆడుతుంది. తలుపు కాడ నిలబడి చూసిన. ఒకడు ఉరుకుతుండు. ఎనక నుంచి కాల్చింది. వాడు పడ్డడు. ఇగ నవ్వుడు మొదలువెట్టింది."

"గెలిస్తే నవ్వరా అన్నా?"

"గెలిచిన నవ్వు కాదు. కడుపు పట్టుకొని, కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్వింది. మనిషి సస్తే గట్ల నవ్వే పిల్లనా నేను కన్నది? రెండు రోజుల సంది అన్నం పోతలేదు నాకు. సోమారం కొత్తూరు అవతల హాస్టల్ బడిల ఏస్తున్న. సార్లతోని మాట్లాడిన. దాని అమ్మ మొత్తుకుంటుంది. అయినా ఏస్త."

ఇంకెవరైనా అయితే అక్కడే నవ్వేసి, ఉపన్యాసం దంచి పంపేదాన్ని. నాకు నోటి దురుసు ఎక్కువ. కానీ ఆయనను చూస్తుంటే మా నాయన కళ్ల ముందుకొచ్చాడు.

మా నాయన కాటేదాన్‌లో ప్లాస్టిక్ అచ్చుల ఫ్యాక్టరీలో ఫిట్టరు. వారమంతా మిషన్లు, ఆదివారం చర్చి. నేను ఏడో తరగతిలో ఉండగా ఆఫీసువాళ్లు పక్కన పడేసిన కంప్యూటరొకటి ఇంటికి తెచ్చాడు. అందులో ఎవరో వదిలేసిన సైనికుల ఆట ఉంది. నేనూ తమ్ముడు సామేలూ దాని మీద పడ్డాం. రక్తం చూసి అమ్మ "ఈ పీడను బయట పారెయ్" అంది. నాయన మాత్రం స్టూలు లాక్కుని మా పక్కన కూర్చున్నాడు.

"ఎవలు వీళ్లంత?" అన్నాడు.

"శత్రువులు నాయనా" అన్నాడు సామేలు, ఇక ఆ మాటతో తిరుగు లేదన్నట్టు.

"శత్రువులా? మరీ మంచిది. వాళ్ల కోసమే ప్రార్థన చెయ్యాలె మనం."

అంతే, ఇంట్లో చట్టం వచ్చేసింది. ఎంతమందిని చంపితే అన్ని ప్రార్థనలు, అన్నం తినే ముందే. అందరికీ కలిపి గంపగుత్తగా ఒకటి చేస్తామంటే కుదరదు, మనిషికొకటి. మొదటిరోజు లెక్క నలభై ఒకటి. నాయన కూడా మాతోపాటు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "వీనికి పెండ్లాం పిల్లలున్నరో ఏమో" అని ప్రతివాడికీ ఒక సంసారం కల్పించి, వాళ్లను కూడా ప్రార్థనలో కలిపాడు. పంతొమ్మిదోవాడి దగ్గరికొచ్చేసరికి అమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. "సచ్చినోళ్ల కోసం బతికున్నోళ్లను పస్తులుంచుతవా!" అని లేచింది. నాయన కదల్లేదు. మిగతా ఇరవై రెండు మందినీ సాగనంపాకే మాకు చల్లారిన పప్పు దొరికింది.

మర్నాటి నుంచి సామేలు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, వాణ్ని కొట్టకే, ఆకలైతుంది" అని బతిమాలేవాడు. తుపాకులున్న ఆటలో కాల్చకుండా చెట్ల చాటున దాక్కుని తిరిగేవాళ్లం. కాల్చకపోతే రెండో మెట్టుకు పోనివ్వదది. ఆరు నెలలు మొదటి మెట్టులోనే షికారు చేశాం. నాయన మీద నాకప్పుడు ఎంత మంటగా ఉండేదో! ఇప్పుడు తలుచుకుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వొస్తుంది.

అందుకని యాదగిరన్నతో "సరే, సాయంత్రం బిడ్డను తీసుకురా" అన్నాను.

"దాన్నెందుకు?"

"అది నా షాపు కట్టడి. వాడేవాళ్లు వచ్చి ఏం దాయాల్నో చెప్తేనే ఫార్మాట్ కొడత." ఇలా దాచిపెట్టడాన్ని బ్యాకప్ అంటాం. కొత్తలో ఒకాయన మాట నమ్మి తుడిచేస్తే, అందులో ఆయన భార్య కుట్టుపని కొలతలన్నీ పోయాయి. ఆ నెల సగం ఊరి జాకెట్లు బిగుతయ్యాయి. ఇప్పటికీ కొందరు ఆడవాళ్లు నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటారు.

సాయంత్రం శ్రావ్య వచ్చింది. రెండు జడలు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. తండ్రి వైపు చూడటం లేదు.

"ఏమేం దాయాలమ్మా?"

"మమ్మీ మగ్గం డిజైన్లు. నా సైన్స్ ప్రాజెక్టు. ఆట వద్దు."

యాదగిరన్న ముఖం వెలిగింది. "చూసిన్రా! బుద్ధొచ్చింది!"

"అది ఆన్‌లైన్ల ఉంటది బాపు. ఏ కంప్యూటర్ల తెరిచినా వస్తది."

"అంటే? కొత్తూర్ల కూడ వస్తదా?"

"కొత్తూరు ఏంది, దుబాయ్‌ల కూడ వస్తది."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "మరి ఈ డబ్బాను నేనెందుకు మోసుకొచ్చిన అక్కా?"

అప్పుడు నేనే అడిగాను: "శ్రావ్యా, మొన్న నువ్వు కడుపు పట్టుకొని నవ్వినవంట. ఎందుకు?"

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. ఏడుపు ముఖంలోంచే మళ్లీ నవ్వొచ్చేసింది. "అదా! పూజ వాళ్ల నానమ్మ!" రావిర్యాలలో ఉండే పూజ శ్రావ్య క్లాసుమేటు, జట్టులో తోడు. ఆట మధ్యలో వాళ్ల నానమ్మ వచ్చి, హెడ్‌సెట్ లాక్కుని తన చెవులకు పెట్టుకుందట. "ఎవర్రా అక్కడ? మా పిల్ల డబ్బల బెండకాయ కూర ఎందుకు మిగిలింది? జవాబు చెప్పున్రి!" అని నిలదీసిందట.

"ఉత్తదే" అన్నాడు యాదగిరన్న.

నాకు విషయం అర్థమైంది. ఆయన చూసిందే తప్ప విన్నది లేదు. మాటలన్నీ పిల్ల చెవుల్లోని హెడ్‌సెట్‌లో ఉండిపోయాయి. "ఇద్దరు కూసోన్రి, స్పీకర్లు పెడత" అన్నాను. ఆయన సీపీయూకి నా మానిటర్ తగిలించి పిల్లను దాని ముందు కూర్చోబెట్టాను. ఆయనను పక్కన నా టెస్టింగ్ మిషన్ ముందు కూర్చోబెట్టాను. గ్రాఫిక్స్ కార్డ్ అనే భాగం బొమ్మలు గీస్తుంది. అది వేడికి తట్టుకుంటుందో లేదో తెలియాలంటే ఇలాంటి బరువైన ఆట నడిపి చూడాలి. అందుకని అదే ఆట నా దగ్గరా ఉంది.

"మీరు కూడ ఆడతరా అక్కా?"

"పరీక్ష కోసమన్నా."

శ్రావ్య తొంగి చూసింది. "బాపు! ఆంటీ ర్యాంకు నాకంటె ఎక్కువుంది!"

యాదగిరన్న చూసిన చూపుకు నేను తల వంచుకుని కేబుళ్లు సర్దాను.

స్పీకర్లో పూజ గొంతు: "శ్రావ్యా, కొత్తగ ఎవరే?"

"మా బాపు."

అవతల కుర్చీ సర్దుకున్న చప్పుడైంది. తర్వాత "నమస్తే అంకుల్" అని వినయంగా వచ్చింది.

"నమస్తే బిడ్డా. తిన్నవా?"

వెనక నుంచి ఒక ముసలి గొంతు గయ్యిమంది. "యాడ తింటది! అది కూరగాయ ముడితే గద!" యాదగిరన్న కూతురి వైపు చూశాడు. "నవ్వు సంగతి సరే" అన్నాడు, గొంతు తగ్గించి. "ఎనక నుంచి కాల్చుడు సంగతేంది?"

దీవిలో దిగారు. తుపాకి ఎలా తీయాలో చెప్పబోతే "ముట్ట" అన్నాడు. "దాన్ని పక్కకు వెట్టున్రి." ఇంతలో పాక పక్కన జీపు కనిపించింది. ఆయన నడుము నిటారైంది. ఇక చూడాలి! నూరుమంది కాల్చుకుంటున్న దీవిలో మా యాదగిరన్న ఎడమ పక్కన నలభై దాటకుండా నడిపాడు. మూల మీద హారన్ కొట్టాడు. "ఇండికేటర్ యాడుందక్కా?" అని అడిగాడు. చుట్టూ తూటాలు పడుతుంటే పూజ "అంకుల్, ఉరికించున్రి!" అని అరిచింది. "ముంగట మలుపుంది బిడ్డా, ఆగు" అన్నాడు.

ఇంతలో రోడ్డు పక్కన ఒకడు ఒంటరిగా నిలబడి కనిపించాడు. జీపు నెమ్మదించింది.

"బాపు, ఆపకు!"

"పాపం ఒక్కడే ఉన్నడు. యాడికి పోవాల్నో అడుగుదాం."

ఆపి దిగాడు. ఇరవై ఏళ్లుగా రోడ్డు పక్కన నిలబడ్డవాణ్ని చూసి ఆపడమే ఆయన బతుకు. అవతలివాడు కాల్చాడు. యాదగిరన్న నేల మీద పడి పాకుతున్నాడు. "అరె! అడుగుతున్న గద!" అని తెరను నిలదీశాడు.

ఆ ఆటలో పడిపోయినవాణ్ని జట్టువాళ్లు వచ్చి కాసేపు పక్కన కూర్చుంటే లేపొచ్చు. ఆ కాసేపూ వాళ్లు తుపాకి పట్టలేరు. బుద్ధున్నవాళ్లెవరూ అక్కడికి రారు, ముందు శత్రువును వెతుకుతారు. నేనైతే రాను. శ్రావ్య మాత్రం గోడ చాటు వదిలి బట్టబయలు మైదానంలో ఉరికింది. రెండు తూటాలు తగిలినా ఆగలేదు. తండ్రి పక్కన కూర్చుని లేపింది. లేపాకే తుపాకి తీసింది. రాయి వెనక వాడి తల కనిపిస్తోంది. సూటిగా గురి పెట్టింది.

"ఆగు బిడ్డా" అన్నాడు యాదగిరన్న. "వాని పక్కన కూడ వాళ్ల నాయిన కూసున్నడేమో."

శ్రావ్య వేలు ఆగిపోయింది. పూజ కూడా గురి దించింది. ముగ్గురూ ఆ తలవైపు చూస్తూ నిలబడ్డారు. వాడికి అలాంటి అనుమానాలేమీ లేవు కాబోలు, ముగ్గుర్నీ వరసగా కాల్చేశాడు. ఆట అయిపోయింది. నా ర్యాంకు పాతాళానికి పోయింది.

"అంకుల్" అంది పూజ, ఎంతో మర్యాదగా, "మీరు ఇంక రాకున్రి."

శ్రావ్య పగలబడి నవ్వింది. యాదగిరన్న నవ్వలేదు. కూతురి వైపు తిరిగాడు. "నేను పడంగనే ఎందుకు ఉరికొచ్చినవ్? నిన్ను గూడ కాల్చిండు గద."

"నువ్వు లేవాలె గద బాపు" అంది ఆ పిల్ల, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

ఆయన లేచి బయట మెట్ల దగ్గరికి పోయాడు. ఫోన్ మాట్లాడుతుంటే లోపలికి వినిపించింది. "సార్, నేను యాదగిరిని. సోమారం వస్తలేము సార్. బిడ్డ ఈన్నే ఉంటది." శ్రావ్య కీబోర్డు మీద తల పెట్టి బోరున ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. సిగ్గెందుకు, ముక్కు చీదుకుని మరీ ఏడ్చాను.

అలాగని పిల్లలకు ఈ ఆటలన్నీ మంచివని నేను చెప్పను. ఎనిమిదేళ్ల పిల్లాడి కంప్యూటర్ నుంచి నేనే తీసేసినవి ఉన్నాయి. అమ్మానాన్నలు అడగకుండానే పేరెంటల్ కంట్రోల్ పెట్టినవీ ఉన్నాయి. అంటే పెద్దవాళ్ల అనుమతి లేనిదే తెరుచుకోకుండా వేసే తాళం. కానీ యాదగిరన్న భయం ఆట గురించి కాదు, తన బిడ్డ తనకు తెలియని మనిషి అయిపోయిందేమోనని. ఆ భయాన్ని తుడిచే ఫార్మాట్ ఏదీ నాకు నేర్పలేదెవరూ. ఇప్పుడు ఎవరైనా వచ్చి "పిల్లల ఆట పీకెయ్యున్రి" అంటే, తెర మీద ఏం చూశారని కాకుండా, పక్కన ఎంతసేపు కూర్చున్నారని అడుగుతున్నాను. అలా పక్కన కూర్చునేవాళ్ల కోసం ఆ వారమే షాపులోకి ఇంకో కుర్చీ తెచ్చి వేశాను.