తోడికోడలు చెప్పాల్సిన కథ

ఆదివారం వస్తోందంటే శనివారం మధ్యాహ్నం నుంచే నాకు కాళ్ళు పీకడం మొదలయ్యేది. వారంలో ఆరు రోజులు బెజవాడలో, ఇప్పుడు వన్‌టౌన్ అంటున్న ఇరుకు సందుల్లో, ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఏడో రోజు లంకలకు పోయేవాణ్ణి. యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకదు, కాగితం దొరకదు, పట్టుకున్న జ్వరం మాత్రం ఓ పట్టాన వదలదు. ఇరవై ఆరేళ్ళకే ముసలివాణ్ణయిపోయాననిపించేది. ఇప్పుడు నిజంగా ముసలివాణ్ణయ్యాక చూసుకుంటే, అప్పటి అలసటే ఎక్కువని తోస్తుంది.

ఈ లంకల పని వకీలుగారి పుణ్యం. నాకు ఉద్యోగం వేయించింది ఆయనే కాబట్టి కాదనడానికి వీల్లేదు. ఎక్కడో స్కాట్లండులో, సముద్రం మధ్య విసిరేసినట్టుండే దీవుల్లో, చదువుకున్నవాళ్ళు పడవల మీద వెళ్ళి ముసలివాళ్ళ జీవితకథలు రాసుకుంటున్నారని ఆయన ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివారు.

"మనకి లేవా ఏవిటోయ్ దీవులు? కృష్ణలో ఇన్ని లంకలు పెట్టుకుని ఒక్కడైనా ఒక్క ముక్క రాశాడా? నువ్వు రాయాలి" అన్నారు.

ఆయన మాత్రం ఏనాడూ లంకలో కాలు పెట్టలేదు. ఏటిగాలి ఆయనకు పడదు. కాగితాలకు కరువొచ్చిందని తీరిపోయిన కేసుల కట్టలు నాకిచ్చి, వెనకవైపు రాసుకోమన్నారు. అందుకే నా దగ్గరున్న ప్రతి కథ వెనకా ఎవరిదో ఒక సరిహద్దు తగాదా ఉండేది.

తెల్లవారగానే పటమట దాటి, కరకట్ట మీద ఆమడ దూరం నడిచి, రేవులో పడవెక్కేవాణ్ణి. లంకంటే ఏరు మేట వేసిన నేల. ఏరు ఇచ్చినన్నాళ్ళు ఉంటుంది, అడిగిననాడు పోతుంది. పడవ దిగాక గుడిసెల దాకా ఇసక. అడుగు ముందుకు వేస్తే అర అడుగు వెనక్కి లాగేది. పుగాకు చేలు దాటి మెరక మీదికి చేరేసరికి కథ సంగతి దేవుడెరుగు, నాలుగు గుక్కల మజ్జిగ దొరికితే చాలనిపించేది.

తీరా చేరాక తెలిసిన వింత ఏమిటంటే, ఆ లంకలో ఎవరి కథ వాళ్ళు చెప్పుకోరు. తన బతుకును తానే మొదటినుంచి చివరిదాకా చెప్పుకుంటే ఆయుష్షు అక్కడితో సరి అని వాళ్ళ నమ్మకం. ఒకరి కథ ఇంకొకరు చెప్పాలి. కథ గలవాళ్ళు ఎదురుగా చాప మీద కూచుని వినాలి, నోరు మెదపకూడదు. చెప్పేవాళ్ళు ఎక్కడైనా తప్పితే అరచేత్తో నేల మీద తట్టాలి. అప్పుడు చెప్పేవాళ్ళు వెనక్కొచ్చి దిద్దుకోవాలి. మొదట్లో నాకు ఒళ్ళు మండింది. ఒక మనిషి కథకు ఇద్దరు మనుషుల్ని పోగెయ్యాలి. ఒకరు దొరికితే ఇంకొకరు గేదెల వెంట పోయి ఉంటారు. పోనుపోను, కోర్టులో ప్రమాణం చేసి చెప్పే సాక్ష్యం కన్నా ఈ పద్ధతే నయమనిపించింది. వకీలుగారితో ఆ మాట అనలేదనుకోండి.

ఒకనాడు మెరక చివరి గుడిసెలోంచి ఒక ముసలమ్మ వచ్చి నా ముందు నిలబడింది. డెబ్భై ఏళ్ళుంటాయి. ఎండకు మాడి చువ్వలా ఉంది.

"నా కత రాయించాలి నాయనా. నేను పోయేలోగానే. మిగతాదంతా ఎట్టా చెప్పినా సరే, వరదొచ్చిన రోజు సంగతి మాత్రం సరిగ్గా చెప్పించు, చాలు."

"ఎవరు చెబుతారమ్మా?"

ఆమె పక్క గుడిసెకేసి గడ్డం చూపించింది. "అదొక్కతే చెప్పగలదు."

అది అంటే ఆమె తోడికోడలు. ఇద్దరికీ ఒకే వాకిలి, ఇద్దరూ మొగుళ్ళు పోయినవాళ్ళు. మధ్యలో ముప్పై ఏళ్ళుగా మాటల్లేవు. తప్పనిసరైతే వాకిట్లో కట్టేసిన దూడతో చెప్పుకునేవారు. "ఏమే, పొయ్యిలో నిప్పుందేమో అడుగు" అని ఒకామె దూడను అడిగితే, "లేదంట, పొద్దున్నే ఆరిపోయిందంట" అని రెండో ఆమె దూడకే జవాబు చెప్పేది. ఆ దూడ పెరిగి గేదె అయితే ఇంకో దూడ వచ్చేది. చూస్తే నవ్వొచ్చేది నాకు. వరద సంగతి తెలిశాక నవ్వు రాలేదు.

అది లంకలో అందరికీ తెలిసిన సంగతే. ఏరు పొంగితే మగవాళ్ళు పిల్లల్నీ గింజల్నీ పడవల్లోకి చేరుస్తారు. ఇంట్లోంచి చివర వచ్చే ఆడమనిషి పశువుల పలుపులు విప్పి రావాలి. విప్పితే చాలు, గేదెలు వాటంతట అవే ఈది గట్టెక్కుతాయి. ఆ ఏడు వీళ్ళ మెరకే ఎత్తు అని లంకలో సగం పాడిని వీళ్ళ పాకలోనే కట్టారు. నీళ్ళు తీశాక వచ్చి చూస్తే ఒక్క పలుపూ విప్పి లేదు. అన్నీ గుంజల దగ్గరే చచ్చిపడి ఉన్నాయి. పెద్ద కోడలు, అంటే నా దగ్గరికొచ్చిన ముసలమ్మ, మరిచిపోయింది. తనే ఒప్పుకుంది. అప్పటినుంచి లంకలో ఎవరింటికి కొత్త గేదె వచ్చినా ఆమెను ఎదురు రానివ్వరు, పలుపు ముట్టుకోనివ్వరు.

తోడికోడల్ని ఒప్పించడానికి మూడు ఆదివారాలు పట్టింది. మొదటిసారి తలుపేసుకుంది. రెండోసారి మజ్జిగ ఇచ్చి పంపించింది. మూడోసారి నావైపు చూడకుండా దూడతో అంది: "సరే, చెబుతానంట. వచ్చే వారం చాపెయ్యమను."

చాప వేశారు. పెద్దామె తలకు నీళ్ళోసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి కూచుంది. చిన్నామె పొద్దున మొదలుపెట్టి పెళ్ళి, కాపరం, పోయిన పిల్లలు, పుగాకు నారు, అన్నీ చెప్పుకొచ్చింది. ఇంత బాగా గుర్తుపెట్టుకున్న మనిషి ముప్పై ఏళ్ళు ఎలా ఊరుకుందో నాకు అర్థం కాలేదు. పెద్దామె నాలుగుసార్లు నేల తట్టింది, నాలుగుసార్లూ చిన్నామె దిద్దుకుంది. ఎండ వాలేసరికి వరద దగ్గరికొచ్చారు.

"నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చినయ్యి. అత్తకి పక్షవాతం. అక్క అత్తని భుజానేసుకుని పడవ కాడికి పోతా..." అని ఆగింది.

రేవులోంచి పడవవాడు కేకేశాడు. ఆ పడవ తప్పితే రాత్రి ఇసకలో పడుకోవాలి, పొద్దున్నే అచ్చాఫీసులో మాట పడాలి. నడుం విరిగిపోతోంది. నేను పెన్సిలు చెవి మీద పెట్టుకుని, "పోనీలేమ్మా, మిగతాది అందరికీ తెలిసిందేగా" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. "అవును. పలుపులిప్పటం మర్చిపోయింది. అంతే" అంది గబగబా.

పెద్దామె అరచెయ్యి నేల మీదికి దిగబోయి ఆగింది. చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నేను చూశాను. చూసి, ఆ వాక్యం రాసుకుని, కాగితాలు చుట్టుకుని రేవుకు పరిగెత్తాను.

పది రోజుల తర్వాత చిన్నామె అచ్చాఫీసుకు వచ్చింది. పడవవాడు దారి చూపించాడట. అరవై దాటిన మనిషి, కొంగున నాలుగు దోసకాయలు కట్టుకుని, రేవునుంచి నడిచి వచ్చింది. లోపల మిషను ఆడుతోంది. ఆమె చెప్పేది నాకు వినపడలేదు. గట్టిగా చెప్పమన్నాను. గట్టిగానే చెప్పింది.

"నన్ను విప్పి రమ్మంది బాబూ! అక్క నన్ను విప్పి రమ్మంది! నాకు భయమేసి విప్పకుండానే పరిగెత్తా. విప్పానని అబద్ధం చెప్పా!"

మిషనువాడు మిషను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు ఇంకా అంత గట్టిగానే ఉంది. వరదనాటికి ఆమెకు ఆరో నెల. ఈ సంగతి తెలిస్తే మొగుడు చంపేసేవాడు. అందుకని తోడికోడలు తన నెత్తినేసుకుంది. కాన్పయ్యాక నువ్వే చెప్పు అందట. కాన్పయింది. ఈమె చెప్పలేదు. ఏడాది చూసి పెద్దామె మాట మానేసింది.

నేను ఆమె ఎదురుగానే ఆ వాక్యం కొట్టేసి, సరైనది రాసి చదివాను. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"దాని మొహం చూసి నా నోటితో చెప్పలేను బాబూ. నువ్వొచ్చి దాని ముందర చదువు. నేను పక్కన కూచుంటా."

"ఈ ఆదివారం తప్పకుండా వస్తా" అన్నాను.

ఆ ఆదివారం వెళ్ళలేదు. వకీలుగారితో జ్వరమని చెప్పాను. జ్వరం లేదు. పడుకున్నాను. ఆ ఇసక తలుచుకుంటేనే కాళ్ళు రాలేదు. ముప్పై ఏళ్ళు ఆగింది, ఇంకో వారం ఆగలేదా అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. రెండో ఆదివారం నిజంగానే వాన, పడవ కదల్లేదు. మూడో ఆదివారం వెళ్ళేసరికి పెద్దామె పోయి నాలుగు రోజులైంది.

చిన్నామె నన్ను ఒక్క మాట అనలేదు. అదే కష్టమనిపించింది. "ఆదివారం కతలు రాసుకునే పంతులొస్తాడని దూడతో చెప్పించా. ఏం చదువుతాడో చెప్పలా. రెండు ఆదివారాలూ అక్క తలకు నీళ్ళోసుకుని రేవుకేసి చూస్తా కూచుంది" అంది.

మెరక మీద అందర్నీ పిలిపించింది. ఖాళీ చాప ఒకటి వేయించింది. నేను చదివాను. గొంతు ఎక్కడా వణక్కుండా చదివానని ఆ క్షణంలో కూడా ఒక మూల గర్వపడ్డాను, ప్రూఫులు దిద్దేవాడి బుద్ధి. చదవడం అయ్యాక ఒకాయన లేచి వాకిట్లో దూడ పలుపు విప్పి, ఆ చాప మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక చిన్నామె అడిగింది: "దాని కత తీరింది. నా కత ఎవరు చెబుతారు బాబూ? నాతో పాటు ఆ ఇంట్లో బతికింది అదొక్కతే గదా."

పడవ వేళయిందని లేచాను.

వకీలుగారికి ఆ తర్వాత ఇంకో సరదా పట్టింది. నేను లంకలకు వెళ్ళడం మానేశాను. కొన్నేళ్ళకు ఆ మెరక కూడా ఏట్లో కలిసిపోయిందని విన్నాను. ఆమె ఎటు పోయిందో, ఎన్నాళ్ళు బతికిందో తెలియదు. ఆమె కథలో నాకు తెలిసినవి రెండే రోజులు: పలుపులు విప్పకుండా పరిగెత్తిన రోజు, మిషను చప్పుడులో నిలబడి ఆ సంగతి అరిచి చెప్పిన రోజు. ఆ రెండూ ఇక్కడ చెప్పాను. తప్పుంటే నేల తట్టడానికి ఎదురుగా ఎవరూ లేరు.