బేకర్స్‌ఫీల్డ్ దాకా అమ్మ రోలు

దేవకుమార్ చేతిలో కొలత తప్పదని పేరు. నర్సాపురంలో పుట్టి, వాల్తేరులో కెమిస్ట్రీ చదివి, అమెరికా తూర్పు కొసన పిస్కాటవే దగ్గర మందుల కంపెనీలో పన్నెండేళ్లుగా మిల్లీగ్రాములు తూస్తున్న మనిషి. అలాంటివాడు 1984 వేసవిలో సెకండ్‌హ్యాండ్ ట్రైలర్ ఒకటి కొని, దాన్ని స్టేషన్ వ్యాగన్‌కి తగిలించి కాలిఫోర్నియా దాకా లాక్కెళ్తానన్నాడు. లోపల రెండు మంచాలూ ఒక స్టవ్వూ ఉన్న పాత బండి అది. చర్చిలో అందరూ నవ్వారు. భార్య విమలకుమారి మాత్రం నవ్వలేదు. ఎందుకు వెళ్తున్నాడో ఆవిడకి తెలుసు.

అక్కడ బేకర్స్‌ఫీల్డ్‌లో అతని అక్క నవోమి ఉంది. నర్సుగా ముందు అమెరికా వచ్చిందీ, తమ్ముణ్ణి పిలిపించుకుందీ ఆవిడే. రెండేళ్ల కిందట జనవరిలో బావ చనిపోతే, లాబ్‌లో ఇన్‌స్పెక్షన్ ఉందనీ, మంచుకి విమానాలు ఆగిపోయాయనీ దేవకుమార్ భూస్థాపనకి వెళ్లలేదు. రెండూ నిజాలే, అయినా సాకులే. ఆ సంగతి అతనికి మరీ బాగా తెలుసు. అప్పట్నించీ ఎప్పుడు ఫోన్ చేసినా ఆవిడ "వందనాలు, అందరూ బాగున్నారుగా" అని పెట్టేసేది.

"విమానంలో వెళ్తే, తలుపు తియ్యకపోతే తిరిగొచ్చెయ్యాలి," అన్నాడు భార్యతో. "ఇదైతే రెండు వారాలైనా వాకిట్లోనే ఉండిపోవచ్చు."

ట్రైలర్లోకి ముందుగా ఎక్కింది అమ్మ రుబ్బురోలు. అమ్మ పోయాక, అక్క అడిగినా వినకుండా, దాన్ని ఓడలో తనింటికి తెప్పించుకున్నాడు. తెప్పించి ఏం చేశాడయ్యా అంటే, గరాజ్ తలుపుకి అడ్డం పెట్టాడు.

దారిలో స్నేహితుల ఇళ్ల దగ్గర ఆగుతూ వెళ్లారు. వచ్చినవాళ్లని వట్టి చేతులతో పంపితే మనవాళ్లకి అన్నం సయించదు కదా. కొలంబస్‌లో సుమతి రెండు బియ్యం బస్తాలూ నాలుగు ఆవకాయ జాడీలూ ఎక్కించింది. సెయింట్ లూయిస్‌లో శ్యామ్‌సుందర్ కాలిఫోర్నియా తెలుగువాళ్లకని రెండు పెట్టెల నిండా పాటల పుస్తకాలు ఇచ్చాడు. వద్దంటే బాగోదు. ముందు దించాల్సినవి వెనక ఉంటే చేతికందుతాయని దేవకుమార్ అన్నిటినీ ట్రైలర్ వెనక మూల, రోలు పక్కనే సర్దాడు.

ఓక్లహోమాలో ఒక పెద్ద లారీ పక్కనించి దూసుకుపోయింది. ట్రైలర్ తోక అటూ ఇటూ ఊగడం మొదలెట్టి, కారుని కూడా ఊపేసింది. బ్రేక్ నొక్కితే ఇంకా ఊగింది. విమల "యేసయ్యా, యేసయ్యా" అంటూనే ఉంది. దేవకుమార్ ఎలాగో రోడ్డు వారకి తెచ్చి ఆపాడు.

మెల్లిగా దగ్గర్లోని క్యాంప్‌గ్రౌండ్‌కి చేరారు. పక్క ట్రైలర్లోని ముసలాయన వచ్చి, లోపలికి తొంగిచూసి పకపకా నవ్వాడు. "వెనక ఇంత బరువుంటే అదే నిన్ను నడుపుతుంది. ఇరుసుకి కాస్త ముందుకి జరుపు," అన్నాడు. మిల్లీగ్రాములు తూచే మనిషికి తల కొట్టేసినట్టయింది.

"ఏమండీ, ఆ రోలు ఇక్కడే వదిలేద్దాం. వదినకి మిక్సీ ఉందిగా," అంది విమల.

"మిక్సీ అందరికీ ఉంది విమలా. అక్క అడిగిన రోలు లేకుండా ఏం మొహం పెట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబడను?"

విమల కొంగు బిగించి రోలుకి రెండోవైపు తనే పట్టింది. ఆ మధ్యాహ్నమంతా సామాను ముందుకి జరిపారు. ఆ తరవాత బండి బుద్ధిగా వెనకే వచ్చింది.

శనివారం మధ్యాహ్నం నవోమి ఇల్లు చేరారు. చూస్తే ఆ వీధికి అవతల దారి లేదు. ట్రైలర్‌ని వెనక్కి నడిపి ఇంటి పక్కన పెట్టాల్సిందే. దేవకుమార్‌కి రానిది అదొక్కటే. దారంతా తిన్నగా వెళ్లి తిన్నగా బయటికొచ్చే చోట్లే చూసుకుని ఆగాడు మరి. కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకి పోతోంది. మూడుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి పోస్టు డబ్బా వెంట్రుకవాసిలో తప్పింది. మెష్ తలుపు వెనక అక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది. తలుపు తియ్యలేదు. రెండు వేల ఎనిమిది వందల మైళ్లు వచ్చి, ఆఖరి ముప్పై అడుగులు దాటలేక అతనికి ఏడుపొచ్చింది.

నాలుగోసారి తలుపు చప్పుడైంది.

"ఒరేయ్ దేవా, ఆగు. స్టీరింగ్‌ని కింద పట్టుకో. ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. మీ బావ పడవ ట్రైలర్ని ఇలాగే పెట్టేవారు."

ఆవిడ వెనక నిలబడి చెయ్యి ఊపుతూ "రా, రా, ఇంకా రా" అంటుంటే ట్రైలర్ మెల్లిగా లోపలికి వచ్చింది. ఇక చాలని ఆవిడ అరచేత్తో దాన్ని రెండుసార్లు తట్టింది. అతను దిగాడు.

"అక్కా, బావ పోయినప్పుడు నేను..."

"ఉండరా," అని నవోమి గరాజ్‌లోకి వెళ్లింది. బావ పడవకి వాడిన రెండు చెక్క దిమ్మలు దుమ్ముతో సహా తెచ్చి, వంగి, ట్రైలర్ చక్రాల కింద పెట్టి, తనే కాలితో గట్టిగా తన్ని బిగించింది.

"ఇంక రెండు వారాలు ఇది కదలదు. విమలా, లోపలికి రామ్మా."