తీర్పు వచ్చేదాకా ఆగాను

కోర్టులో మేం గెలిచిన మధ్యాహ్నమే ఆంటీ పోయారు. ఆఫీసులో అందరూ నాకు అభినందనలు చెబుతుంటే వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "కేసు అయిపోయింది, సాయంత్రం వస్తున్నానని అమ్మకు చెప్పు" అందామని ఫోనెత్తాను. "అక్కా, అమ్మ ఇక లేదు" అన్నాడు.

ఇక్కడ ఆస్ట్రేలియాలో, యూనివర్సిటీలో నాకు రాజ్యాంగ పాఠం చెప్పింది ఆవిడే. అక్కడ ప్రొఫెసర్ గారు, మాసన్ లేక్స్‌లోని వాళ్లింట్లో ఆంటీ. ఆదివారాలు మాబోటి స్టూడెంట్లను పిలిచి, పప్పు వడ్డిస్తూనే వాదన మొదలెట్టేవారు. గెలిచినవాళ్లే గిన్నెలు కడగాలి. ఇదేం న్యాయం ఆంటీ అంటే, "ఓడినోళ్లకు ఆల్రెడీ మస్తు బాధున్నది. గిన్నెలు గూడ ఎందుకే?" అని నవ్వేవారు. ఈ దేశంలో భయం లేకుండా నోరు విప్పడం నేను ఆ వంటింట్లోనే నేర్చుకున్నాను.

అంతర్జాతీయ ఒప్పందాల గురించి ఆవిడ ఎప్పుడూ ఒకటే చెప్పేవారు. "బయట సంతకం పెట్టినంత మాత్రాన అది ఇక్కడ చట్టం గాదు. పార్లమెంటు చెయ్యాలె. అంతదాక మన రాజ్యాంగమే పెద్దది. కానీ పదిమందిల మాట ఇచ్చొచ్చినం గదా! మన చట్టంల సందున్న కాడ జడ్జి ఆ మాటను యాదిల పెట్టుకొని చదవాలె."

మొదటి సగం నాకు బాగా ఒంటబట్టింది. ప్రభుత్వం తరఫు లాయర్నయ్యాను.

కిందటేడు ఒకాయన వీసా రద్దు కేసు నాకొచ్చింది. ఆయన కూతురు ఇక్కడే పుట్టింది. పిల్లల మేలు చూస్తామని ఆస్ట్రేలియా ఒప్పందం మీద సంతకం చేసింది, కాబట్టి ఆ తండ్రిని పంపెయ్యకూడదని అవతలివాళ్ల వాదన. ఆ వాదన వాళ్లకు రాసిపెడుతున్నది ఆంటీ. చట్టం స్పష్టంగానే ఉంది, ఒప్పందం జోలికి వెళ్లే సందే లేదని మా వాదన. సంగతి తెలిసి ఆవిడే ఫోన్ చేశారు.

"నీ వాదన తప్పు గాదు బిడ్డా. గదే నా భయం. కేసు తేలేదాక మా ఇంటికి రాకు, మంచిగుండదు."

వెళ్లలేదు. ఆస్పత్రిలో చేరారని తెలిసినా వెళ్లలేదు. కేసు ఊసెత్తకుండా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే ఏ నియమం అడ్డొచ్చేది? మా ఆఫీసులో అడిగితే వెళ్లమనే అనేవారు. అడగనే లేదు. రూలంటే రూలేనని బిగదీసుక్కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, ఆవిడ మొహం చూడాలంటేనే భయమేసింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

అంత్యక్రియలకు ఆ తండ్రీకూతుళ్లూ వచ్చారు. ఆయన దేశం వదలడానికి గడువు దగ్గరపడింది. నన్ను గుర్తుపట్టి మొహం తిప్పుకున్నాడు. ఎందుకు తిప్పుకోడు? పాపకు మాత్రం నేనెవరో తెలియదు. పూలు చల్లే వరుసలో నా చేతులు ఖాళీగా ఉండటం చూసి దగ్గరికొచ్చింది.

"వాజ్ షీ యువర్ ఆంటీ టూ?"

"అవునమ్మా" అన్నాను.

తన దోసిట్లోని చామంతి రేకుల్లో సగం నా చేతుల్లో పోసింది. "యూ గో ఫస్ట్" అంటూ నాకు దారిచ్చి, వెనక్కి వెళ్లి వాళ్ల నాన్న వేలు పట్టుకుని నిలబడింది.