పిడికెడు జొన్నలు, రెండు బావులు

మట్టల ఆదివారానికి రెండు రోజుల ముందు, శుక్రవారం ఉదయం ఏడున్నర సర్వీసుకు నంద్యాలలో ఎక్కాను. ఆళ్లగడ్డకు టిక్కెట్టు పద్నాలుగణాలు. కిటికీ పక్క సీటు దొరికింది కాని నాకు కూర్చోబుద్ధి కాలేదు.

ఎందుకు బయలుదేరానో ముందు చెప్పాలి. మా మధ్య చాలా ఏళ్లు వైద్యం చేసిన డాక్టరమ్మగారు ఆఫ్రికాకు మారి, అక్కడినుంచి మా గుడి పాదిరి అయ్యగారికి జాబు రాశారు. తానున్న ఊళ్లో బావి లేదని, ఆడవాళ్లు తెల్లవారి కుండ ఎత్తుకుని పోతే ఎండ ముదిరాక గాని ఇల్లు చేరరని, మురికినీళ్లు తాగి పిల్లలు చచ్చిపోతున్నారని. అయ్యగారు ఆ జాబు చుట్టుపక్కల ఇరవైయారు సంఘాలకు రాయించి పంపారు. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలమంతా పొయ్యి వెలిగించినప్పుడల్లా పిడికెడు గింజలు తీసి వేరే కుండలో వేయాలి. ఆ గింజలు అమ్మి ఆ ఊరికి బావి తవ్వించాలి. ఇరవైయైదు చోట్ల నుంచి వచ్చాయి. మిట్టపేట నుంచి రాలేదు. ఆదివారం ఆరాధనలో మొత్తం చదవాలి. లెక్క చూసేది నేను.

నేను బడిలో నాలుగో తరగతి దాటలేదు. పత్తి మిల్లులో తూకాలు వేస్తూ, గుమాస్తాల వెనక నిలబడి లెక్క నేర్చుకున్నాను. లెక్కపుస్తకంలో ఒక్క గడి ఖాళీగా ఉంటే నాకు అన్నం సయించదు. అందుకే గుడి కమిటీ ఎవరినో పంపుదామంటే నేనే పోతానన్నాను. బావి సంగతి మీద వస్తున్నానని మిట్టపేటకు ముందుగా కార్డు రాసి బయలుదేరాను.

సిరివెళ్ల దాటేలోపల రెండుసార్లు లేచి ముందుకు పోయి, ఎప్పటికి చేరతామని డ్రైవరును అడిగాను. కండక్టరుకు విసుగొచ్చింది.

"కూచోన్నా. నువ్వు లేసి నిలబడితే బస్సు బిరీన పోతాదా ఏంది?"

బస్సులో సగం మంది అహోబిలం పోయేవాళ్లే. నా వెనక సీటులో పసుపుబట్ట మూట ఒళ్లో పెట్టుకున్న ముసలామె పలకరించింది.

"యాడికి నాయనా, ఇంత తొందర?"

"మిట్టపేటకు. మా గుడి పనిమీద."

"మా సామి కాడికి కొండలెక్కి చావాల. మీ సామి మిట్ట మీదనే ఉండాడా? సుఖపడినారు పో!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి కూర్చున్నాను, కాసేపు.

తొమ్మిదింబావుకు ఆళ్లగడ్డ. బస్సులాగే చోట ఉగ్గాని, రెండు బజ్జీలు, కాఫీ కలిపి నాలుగణాలు. బజ్జీలు వేడిగా ఉన్నాయి, కాఫీ లేదు. అహోబిలం బస్సు పదిన్నరకు కదిలింది. నాలుగు మైళ్ల మీద మోరీ దగ్గర దిగి, కోసిన జొన్నచేల మధ్య నుంచి తూర్పుగా నడవాలి. ఎదురుగా నల్లమల కొండలు నీలంగా కనిపిస్తుంటాయి, అవే గుర్తు. దారిలో ఎక్కడా నీడ లేదు.

మిట్టపేట మొదట్లోనే డప్పులు వినిపించాయి. ఏదో పెండ్లి అనుకున్నాను. నన్ను చూడగానే డప్పులు ఇంకా గట్టిగా మోగాయి. పేటలో ప్రార్థనలు జరిపే ఉపదేశి జక్కరయ్య, చూపు మందగించిన ముసలాయన, ఇద్దరి భుజాలు పట్టుకుని ఎదురొచ్చి నా మెడలో బంతిపూల దండ వేశాడు. పేటంతా వెంట నడిచింది. ప్రార్థన గుడిసె వెనక, రాతినేల మీద సున్నంతో గుండ్రంగా గీత గీసి ఉంది. నడుమ ఒక మేకు.

"ఈడేనన్నా," అన్నాడు జక్కరయ్య. "పంగలకర్ర పట్టి చూపించినాం. ఈడనే తిరిగింది."

డప్పుల హోరులో మాట సరిగ్గా వినపడక, గుడికి పునాది అనుకుని "బాగుంది" అన్నాను. అప్పుడు ఒక ఆడమనిషి ముందుకొచ్చింది. పేరు రూతమ్మ, ముప్పై ఏళ్లుంటాయి. ఇల్లిల్లూ తిరిగి పిడికెడు గింజలు పోగుచేసింది ఆమెనే.

"దుడ్లు తెచ్చినావా అన్నా?"

"ఎక్కడి డబ్బులు?"

"బావి దుడ్లు."

"నేను తెచ్చేందుకు రాలేదమ్మా. తీసుకుపోయేందుకు వచ్చాను."

డప్పులు ఒక్కటొక్కటే ఆగిపోయాయి. నేను జేబులోంచి జాబు తీసి, మొదటినుంచి, ఆఫ్రికా ఊరి పేరుతో సహా చదివాను. చదువుతుంటే నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. రూతమ్మ నావైపు చూడలేదు, జక్కరయ్య మీదికి తిరిగింది.

"ఏం మామా, ఆ పేరు మాకు చెప్పకపోతివే?"

"అది నోరు తిరగలా. ఇడిసిపెడితి," అన్నాడు ముసలాయన.

"ఆడోళ్లు పొద్దున పోతే ఎండెక్కినంక వస్తారంటివి. పిల్లోల్లు నీళ్లతో సస్తాండారంటివి. దూరపూరు అంటివి. నంద్యాలకు మనం దూరమే గదా! మనం గాక ఇంకెవురనుకుంటాం?"

 తప్పు ఎవరిదని అడగడానికీ లేదు. మిట్టపేటకు బావి లేదు. ఎద్దులతో నీళ్లు తోడే రైతుల కపిల బావి గట్టు వీళ్లు ఎక్కడానికి వీల్లేదు; కపిల తోలినంతసేపు కాలువలో పారే నీళ్లు ముంచుకోవాలి. ఎండాకాలంలో కపిల ఆగితే రెండు మైళ్ల అవతల వాగు ఇసుకలో చెలమ తవ్వి, గంటెతో తోడుకోవాలి. పోయిన ఎండాకాలం వాంతిభేదులు తగిలి పేటలో ఇద్దరు పిల్లలు పోయారట. "దాంట్లో ఒకడు నావోడు," అంది రూతమ్మ, అంతే.

ఆ మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టారు.  తిన్నాక లేచి, నీళ్లు పడతాయని పంగలకర్ర చూపిన ఆ గీత చుట్టూ తిరిగాను. ఊరికే ఉండలేక లెక్క వేశాను: లోతు ఎంత పడుతుంది, ఎక్కడ రాయి తగులుతుంది, మందుగుండు ఎంత, తవ్వేవాళ్ల కూలి ఎంత, రాతికట్టు ఎంత. తర్వాత గుడిసెలోని జొన్నల మూటలు కొలిపించాను. ఏ సంఘమూ ఇంటికి ఇన్ని తీయలేదు. అయినా అమ్మితే ముప్పైయారు రూపాయలు దాటవు. బావికి ఏడెనిమిది వందలు కావాలి.

ఎండ తగ్గాక అందరూ గీత చుట్టూ కూర్చున్నారు. నేను లేచి చెప్పాను. "ఈ మూటలు ఇక్కడే ఉంచుకోండి. అయ్యగారికి నేను చెప్పుకుంటాను. తిండికైనా వస్తాయి."

"బావి కాదా?" అని ఎవరో అడిగారు.

"వీటితో మోకాటిలోతు అవుతుంది."

"దేవునికి తీసినవి తింటామా?" అన్నాడు జక్కరయ్య కోపంగా.

రూతమ్మ మేకు పక్కన కూర్చుని ఉంది. తలెత్తింది.

"మోకాటిలోతు గుంత మాకేమి చేసుకునేకి? తీసుకపో. ఆడ పది మంది గింజల్లో కలిస్తే బావి అయితాది. అయితే ఒక మాట. ఆ ఊరికి ఎన్ని ఊర్లు ఎత్తినాయి?"

"మీతో కలిపి ఇరవైయారు."

"మాకూ ఇరవైయారు ఎత్తాల."

"మీ పేట తీసేస్తే ఇరవైయైదే కదమ్మా."

"ఆఫ్రికావోళ్లను కలుపుకో. వాళ్ల బావి పడినంక వాళ్లూ ఒక పిడికెడు తీయాల. లెక్క సరిపాయె గదా?"

సరిపోయింది. కాని నా చేతిలో ఏముంది? "కమిటీని అడగాలి," అన్నాను. "ఆ ఊరికోసం నన్ను పంపింది కమిటీనే."

"అయితే ఈతూరి మేం పంపుతాండాం. పో."

పేటంతా ఒక్కసారి నవ్వింది. డప్పు మీద ఎవరో ఒక దెబ్బ వేశారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. రూతమ్మ కూడా నవ్వడం లేదు, జవాబుకోసం చూస్తోంది. "ఊరూరూ తిరుగుతాను," అన్నాను.

ప్రార్థన గుడిసెలో చాప వేశారు. పడక ఖర్చు లేదు, నిద్రా లేదు. శనివారం పొద్దున మూటలు బండికెత్తి ఆళ్లగడ్డ చేర్చాం. దుకాణంలో సెట్టిగారు జొన్నలు గుప్పిట్లో పోసుకుని చూసి, "తెల్లగుండాయి. మంచి సేను," అన్నారు. ముప్పైయైదు రూపాయలు, పన్నెండణాలు ఇచ్చారు. పదకొండు గంటల బస్సు పట్టుకున్నాను.

పక్క సీటులో పెద్ద తలగుడ్డ రైతు ఒకాయన. నా పనేమిటో అడిగి తెలుసుకుని ఆశ్చర్యపోయాడు. "సముద్రం అవతలి ఊరికి బావా! ఎంత పుణ్యమప్పా!" అంటూ అర్ధరూపాయి తీసి ఇచ్చాడు. నాకు ధైర్యం వచ్చింది. "ఇంకో బావి కూడా ఉందన్నా. మిట్టపేటకు," అన్నాను.

"మిట్టపేటకా?" ఆయన ముఖం మారింది. "వాళ్లకేం తక్కువ? మా కాలవల్లో ముంచుకుంటానే ఉండారు గదా." కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ తర్వాత నేను కూర్చోలేకపోయాను. నంద్యాలలో అయ్యగారు నా కోసం చూస్తుంటారు. మిట్టపేట గడి నింపుకుని తిన్నగా పోవచ్చు. కాని రేపు ఆరాధనలో మొత్తం చదివాక అందరూ సంతోషంగా ఇళ్లకు పోతారు. ఆ సంతోషం మీద మరో బావి మాట ఎత్తితే ఈ రైతు లాగే కిటికీ వైపు తిరుగుతారేమో. సిరివెళ్లలో బస్సు ఆగగానే దిగిపోయాను. కండక్టరు అరిచాడు: "నీ టిక్కెట్టు నంద్యాలకు గదన్నా! దుడ్లు తిరిగి రావు!"

సిరివెళ్ల సంఘం గింజలు మాకు ఎప్పుడో చేరాయి. మళ్లీ నన్ను చూసి అక్కడి పెద్ద "అయిపోయింది గదన్నా!" అన్నాడు. సున్నం గీత గురించి చెప్పాను. ఆయన గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు. లోపలినుంచి ఆయన భార్య మాత్రం చేట నిండా జొన్నలు తెచ్చి నా ముందు పెట్టింది. అప్పుడు ఆయనా లేచాడు. సాయంత్రం నాలుగు గంటల బస్సుకు మళ్లీ ఆరణాలు పెట్టి టిక్కెట్టు కొన్నాను. ఇంకా ఇరవైనాలుగు చోట్లు, సముద్రం అవతలిది ఒకటి.

ఈ దారిన పోయేవాళ్లకు చెప్పేది ఇదే. మిట్టపేటకు బస్సు, నడక కలిపి ఒక పూట చాలు. ఉండడానికి చోటు, తినడానికి తిండి వాళ్లే ఇస్తారు. ఎండ నడినెత్తికి ఎక్కకముందే చేరండి. తాగే నీళ్లు మాత్రం మీరే మోసుకుపోండి. అక్కడ అడగవద్దు. అడిగితే ఇస్తారు.