ఏరేటర్ల మోత

పక్కింటాయన రొయ్యల గుంట కంచె దగ్గర నేను జారిపడితే, దాని ఇనుప చువ్వ నా మెడలో గుచ్చుకుంది. కుట్లు వేశారు, గాయం మానింది. ఆ తరువాత చెవిలో బుస్సు బుస్సుమని ఒకటే మోత మొదలైంది. గుంటలో నీళ్ళు చిలికే ఏరేటర్లదే అనుకున్నాను. లెక్క తప్పడం నాకు అలవాటు లేదు కనుక గడియారం పెట్టుకుని పరీక్షించాను. కూర్చుంటే మోత నిదానం, మేడమెట్లు ఎక్కితే వేగం. నన్ను చూసి పక్కింటాయన కావాలనే స్పీడు పెంచుతున్నాడని తేల్చుకుని, కోడలిని తీసుకుని గట్టు మీదికి వెళ్ళాను.

"మోటార్లు ఆపు నాయనా, తల పగిలిపోతోంది."

"ఆపితే రొయ్యలు గాలాడక చచ్చిపోతాయి గదమ్మా!"

"మరి నేను చస్తే?"

అంతలో కరెంటు పోయింది. ఏరేటర్లన్నీ ఆగాయి. ఆయన డీజిల్ ఇంజను వైపు పరుగెత్తబోయాడు.

"చూడు, ఇంకా తిరగతానే ఉండాది!" అన్నాను.

"ఏది తిరిగేది? కరెంటే లేదు గదా!"

కోడలు నా మెడకు చెవి ఆనించి అదిరిపడింది. "అత్తా, మోటారు నీ మెడలో ఉండాది!"

నెల్లూరులో డాక్టరు స్కాను చూశాడు. చువ్వ దిగినచోట ధమనికీ పక్కనున్న సిరకూ మధ్య దారి పడి, రక్తం అందులోంచి దూకుతోందట. అలాగే వదిలేస్తే గుండెకు ప్రమాదమన్నాడు. తొడలోంచి సన్నటి గొట్టం పంపి ఆ దారి మూసేశారు. చెవిలో మోత ఆగింది.

ఇంటికి వచ్చాక పక్కింటాయన పలకరించాడు. "ఇప్పుడు మోటార్లు వేసుకోవచ్చునా అమ్మా?"

"వేసుకో నాయనా. మోటారు సంగతి తేలిపోయింది. ఇక నీ కంచె సంగతి మాట్లాడదాం, కూర్చో."