మైకులో చదవని నీటిమట్టం

ఏటికి గట్టునూ, గట్టు మీద మాకు గుడినీ ఇచ్చిన తండ్రికి స్తోత్రం. మేలు జరిగినా కీడు జరిగినా ఆయన నామానికే మహిమ.

డెబ్బైల చివర్లో నేను గోదావరి పాయ పక్కన ఒక చిన్న సంఘానికి ఉపదేశిని. వరదల నెలల్లో రోజూ సైకిలు మీద కాలవల ఆఫీసుకెళ్లి, బోర్డు మీద సుద్దతో రాసిన ఆనకట్ట నీటిమట్టం కాగితం మీద ఎక్కించుకొచ్చేవాణ్ణి. అంకె పెరిగితే సాయంకాలం ప్రార్థన అయ్యాక మైకులో చదివేవాణ్ణి. పెరగకపోతే చదివే పని లేదు. ఆదివారం మాత్రం వారం లెక్కంతా సైక్లోస్టైల్ తీసి పంచేవాళ్లం.

పాయకు అవతల లంకలో రెండు పాడిగేదెలతో ఒక విధవరాలు ఉండేది. ఆ పాలే ఆవిడ బతుకు. "ఉపదేశిగారూ, మీ ప్రసంగం లంకదాకా రాకపోయినా పర్లేదండి, ఆ అడుగుల లెక్క మాత్రం గొంతెత్తి చదవండి" అనేది. మైకు వినబడగానే గేదెల్ని ఈదించి గట్టుకు తోలుకొచ్చేసేది.

ఓ ఏడు ఆఫీసుకి కొత్త ఆఫీసరుగారొచ్చారు. మా ఆదివారం కాగితం చూసి, "ఇవి ప్రభుత్వ లెక్కలండి. అచ్చేసి పంచాలంటే పైనుంచి అనుమతి రావాలి. అర్జీ పెట్టుకోండి" అన్నారు. మర్యాదగానే చెప్పారు.

అర్జీ పెట్టాను. అధికారులకు లోబడాలని ఊరందరికీ బోధించేవాణ్ణి కదా, మైకులో చదవడం కూడా మానేశాను.

సంఘపెద్ద నవ్వాడు. "అచ్చు వద్దన్నారు గానీ నోరు మూసుకోమన్నారేంటండి?"

"అనుమతి రానివ్వండి" అన్నాను. అలా అన్నందుకు కాస్త గర్వంగా కూడా ఉంది.

ఆ వారంలోనే అంకె పెరిగింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. పాట పాడాం, ప్రార్థన చేశాం, మైకు కట్టేశాం. తెల్లారేసరికి లంక మీద నీళ్లు. ఆవిణ్ణి పడవలో తెచ్చారు. గేదెలు కట్టుకొయ్యలతో సహా పోయాయి.

గుడి మెట్ల మీద తడిచీరతో కూర్చుంది. "మైకు మోగలేదు కదండీ, పెరగలేదనుకున్నాను" అంది. తిట్టలేదు. నాకు ఏడుపు రాలేదు. గంజి తెచ్చిచ్చాను, తాగింది.

చాన్నాళ్లకు జాబు వచ్చింది. అచ్చేసుకోవచ్చట, కింద ఆఫీసు పేరు వేస్తే చాలట. చదివి వినిపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదట. అప్పటికే ఆవిడ కడియం నర్సరీల్లో కూలికి వెళ్లిపోయింది.

చదువుతున్న మీరు కాసేపు ఆగి నాతో కలిసి అడగండి: ప్రభువా, ఎవరూ వేయని సంకెళ్లు మాకు మేమే వేసుకుని, దాన్ని విధేయత అనుకోకుండా మమ్మల్ని కాపాడు. లంకలో అన్నీ పోగొట్టుకున్న నీ బిడ్డను ఆదుకో. ఆమేన్.