నా గరాజ్‌లో ఆంటీ కాడిలాక్

మా ఆంటీ పోయారు. గురువారం పొద్దున నేను ఐసెలిన్‌లో ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా సన్నీవేల్ నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. కాలిఫోర్నియాలో అప్పటికింకా తెల్లవారి ఉండదు. ఆ వేళప్పుడు అతని పేరు ఫోన్ మీద కనిపించగానే సంగతి అర్థమైపోయింది. మీటింగ్‌లోంచి బయటికొచ్చి తీశాను. "అక్కా, అమ్మ పోయింది. రిహాబ్ వాళ్లు కాల్ చేశారు. నిద్రలోనే అంట. పెయిన్ ఏం లేదు అంట," అన్నాడు. అమెరికాలోనే పుట్టి పెరిగినవాడు. మామూలుగా రెండో మాటకే ఇంగ్లీషులోకి జారిపోయే మనిషి, ఆ రోజు వెతుక్కుంటూ వెతుక్కుంటూ తెలుగులోనే మాట్లాడాడు. ఫోన్ పెట్టేసే ముందు, "కార్ నీ దగ్గరే ఉంది కదా? నువ్వే ఉంచుకో అక్కా. అమ్మ అదే చెప్పింది," అన్నాడు. ఆ మాట మింగుడుపడకే ఇది రాస్తున్నాను.

ఆంటీ నాకు చుట్టం కాదు. ఎడిసన్‌లో మా వెనక వీధిలో ఉండేవారు. కాకినాడలో డాక్టరీ చదివి, పెళ్లయ్యాక డెట్రాయిట్ వచ్చి, తర్వాత న్యూజెర్సీలో స్థిరపడి, పిల్లల డాక్టరుగా రిటైరయ్యారు. అంకుల్ పోయాక ఒక్కరే ఉండేవారు. మా వైపు ఆడవాళ్లలో చాలామందికి ఆమె డాక్టరుగా కన్నా డ్రైవింగ్ నేర్పిన మనిషిగానే తెలుసు. భర్త వీసా మీద వచ్చి, ఉద్యోగం చేసే వీల్లేక, అపార్ట్‌మెంట్ కిటికీ పక్కన రోజులు గడిపే కొత్త కోడళ్లు గుడిలో కనిపిస్తే చాలు, పేరైనా అడగకుండా, "పర్మిట్ తెచ్చుకున్నావా? ఆదివారం పొద్దున్నే వచ్చెయ్," అనేవారు. నన్నూ అలాగే పిలిచారు. స్కూటీ కూడా నడపడం రాదని చెబితే, "మంచిదే, పాడు అలవాట్లేమీ ఉండవు," అన్నారు.

నేర్పేది తన కాడిలాక్‌లోనే. తెల్లటి బండి, లోపల మీగడ రంగు తోలు సీట్లు. అప్పట్లో మేమున్న అపార్ట్‌మెంట్ వంటగదిలో పట్టనంత పొడుగు. ఓక్ ట్రీ రోడ్డు మీద చీరల షాపులు తెరవకముందే వాటి వెనక పార్కింగ్ లాట్‌లోకి తీసుకెళ్లి, రెండు షాపింగ్ కార్ట్‌లు దూరదూరంగా నిలబెట్టి, వాటి మధ్యలో బండి పెట్టమనేవారు. నేను కార్ట్‌ని గుద్దినప్పుడల్లా తనే దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వెళ్లి, దాన్ని మళ్లీ నిలబెట్టి వచ్చేవారు. ఒక్కసారీ విసుక్కోలేదు. "చిన్న కారులో నేర్చుకుంటే చిన్న కారే నడుపుతావు. దీన్ని పెట్టగలిగితే ఊళ్లో ఏ బండినైనా పెడతావు," అనేవారు.

ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉండేది. రోడ్ టెస్ట్ పాసైన రోజున స్టీరింగ్ మన చేతికిచ్చి, తను వెనక సీట్లో కూర్చునేవారు. ఎక్కడికి తీసుకెళ్లినా సరే, ఇల్లు చేరేదాకా నోరు విప్పకూడదని ఆవిడ పెట్టుకున్న నియమం. నేను పాసైన రోజు రూట్ వన్ హైవే మీద పక్కన ట్రక్కులు దూసుకుపోతుంటే నాకు చెమటలు పట్టేశాయి. అద్దంలో చూస్తే ఆంటీ చేతులు ఒళ్లో పెట్టుకుని, పెళ్లికి బయల్దేరిన మనిషిలా తాపీగా కిటికీలోంచి చూస్తున్నారు. ఇంటి ముందు దిగాక మాత్రం, "నిన్ను నమ్మి వెనక కూర్చున్నాను. ఇంకెవరి మాటా లెక్కచెయ్యకు," అన్నారు. మా ఇంట్లో నా డ్రైవింగ్ మీద జోకులు నడుస్తున్న రోజులవి. ఆ మాట నాకు ఎంత ధైర్యమిచ్చిందో ఆవిడకి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు.

ఆ కారు చరిత్ర ఆవిడకి కంఠోపాఠం. డెట్రాయిట్ ఊరిని స్థాపించిన ఫ్రెంచి ఆయన పేరే కారుకి పెట్టారని, ముందున్న గుర్తు కూడా ఆయన వంశానిదేనని మొదటి పాఠంలోనే చెప్పేవారు. రివర్స్ గేర్ నేర్పేటప్పుడు ఇంగ్లండ్ కథ వచ్చేది. అక్కడ ఒకప్పుడు మూడు కాడిలాక్‌లని ముక్క ముక్కలుగా విప్పి, అన్నీ ఒకే కుప్పలో కలిపేసి, ఏది ఏ బండిదో తెలియకుండా మళ్లీ మూడు కార్లు బిగించారట. అవి మూడూ ఏ పేచీ పెట్టకుండా పరుగెత్తాయట. ఏ ముక్కయినా ఏ బండికైనా సరిపోయేంత కచ్చితంగా చెయ్యడం ఆ రోజుల్లో ఎవరూ ఎరగరు. "నా ముక్కలూ కాకినాడవి కొన్ని, డెట్రాయిట్‌వి కొన్ని. బండి నడుస్తోందిగా," అని నవ్వేవారు.

అన్నిటికన్నా ఇష్టంగా చెప్పేది స్టార్టర్ కథ. పూర్వం కార్లకి ముందు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాలి. డెట్రాయిట్‌లో ఒక వంతెన మీద ఒకావిడ కారు ఆగిపోతే, అటుగా వచ్చిన పెద్దమనిషి సాయానికి దిగాడు. హ్యాండిల్ వెనక్కి తన్ని దవడకి తగిలింది. కొన్నాళ్లకి ఆయన పోయాడు. ఆ కారు కాడిలాక్ అనీ, పోయినాయన ఆ కంపెనీ పెద్దకి స్నేహితుడనీ చెబుతారు. ఇక మన బండి వల్ల ఇంకో మనిషి పోకూడదని ఆ పెద్ద పట్టుబట్టాకే మీట నొక్కితే కదిలే స్టార్టర్ పుట్టిందట. "ఆయన ఏడుస్తూ కూర్చోలేదు, చూశావా? పనిలో దిగాడు. దాని పుణ్యాన మనం కార్లు నడుపుతున్నాం. లేకపోతే ఈ చీరతో నేను హ్యాండిల్ తిప్పేదాన్నా?" అనేవారు.

ఆవిడ డెట్రాయిట్‌లో ఉన్న రోజుల్లో కాడిలాక్ కొన్నాడంటే ఆ డాక్టరు నిలదొక్కుకున్నట్టు లెక్క. ఇక్కడ ఏ సరుకైనా మేలిరకమని చెప్పాలంటే దాన్ని ఆ రకంలో కాడిలాక్ అనేవారు. ఆంటీ కూడా అంతే. మా ఇంట్లో డికాక్షన్ కుదిరిన రోజు, "ఇవాళ కాఫీల్లో కాడిలాక్ ఇచ్చావే," అనేవారు. తర్వాత తర్వాత మనవాళ్లంతా జర్మనీ కార్లకీ జపాన్ కార్లకీ మారిపోయారు. కాడిలాక్ అంటే తాతల బండి, ఎయిర్‌పోర్ట్ బండి అయింది. పార్టీల్లో ఎవరైనా, "ఆంటీ, ఇంకా ఆ పడవేనా?" అని ఆటపట్టిస్తే ఆవిడ నొచ్చుకునేవారు కాదు. "మీరందరూ ఎప్పటికైనా దీన్ని ఎక్కాల్సినవాళ్లే. ఈ దేశంలో చివరి ప్రయాణం చాలామందికి ఇందులోనే," అనేవారు. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వాను.

నిరుటి వేసవిలో ఆవిడ చూపు తగ్గింది. ముందు మెయిల్‌బాక్స్‌ని రాసుకుంది బండి. అది పెద్ద సంగతేం కాదు. తర్వాత ఒకసారి కూరగాయల షాపు నుంచి వస్తూ పార్కింగ్ లాట్‌లో మలుపు తిప్పారు. పక్క సీట్లో నేనున్నాను. ఎదురుగా చంటిపిల్లాడున్న స్ట్రోలర్ తోసుకొస్తున్న ఒకమ్మాయి ఉలిక్కిపడి దాన్ని వెనక్కి లాక్కుంది. ఆంటీ ఆగలేదు, ఏమీ అనలేదు. చూడలేదనే అనుకున్నాను.

వాళ్లబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. "నువ్వే తాళం తీసుకో అక్కా. నా వల్ల కాదు. డాడీ పోయాక అమ్మకి అదొక్కటే ఇండిపెండెన్స్. నేను చెప్తే ఫోన్ పెట్టేస్తుంది," అన్నాడు. సరేనన్నాను. రెండు మూడు సార్లు వాళ్లింటికి వెళ్లి, టీ తాగి, ఊరి సంగతులు మాట్లాడి తిరిగొచ్చాను. నాకు స్టీరింగ్ ఇచ్చిన మనిషి చేతిలోంచి స్టీరింగ్ లాక్కోవడానికి నోరు రాలేదు.

దసరా వచ్చింది. ఆ రోజు గుడి పార్కింగ్‌లో వరసగా కార్లు పెట్టి పూజ చేయిస్తారు. ఆంటీ ఏ ఏడూ మానలేదు. "ఈసారి జనం ఎక్కువ ఆంటీ, బండి నేను తీసుకెళ్లి చేయించుకొస్తాను," అన్నాను. సంతోషంగా తాళం ఇచ్చి, "నిమ్మకాయలు మంచివి కొను," అన్నారు. పూజారి బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసి, కుంకుమ పెట్టారు. నిమ్మకాయలు తొక్కించాను. అక్కణ్ణించి బండిని తిన్నగా మా గరాజ్‌లోకి తెచ్చి, బ్యాటరీకి ఛార్జర్ తగిలించి, దుప్పటి కప్పేశాను. ఆంటీకి ఫోన్ చేసి, బ్రేకుల దగ్గర ఏదో శబ్దం వస్తోందనీ, మెకానిక్ దగ్గర వదిలాననీ చెప్పాను. పండగపూట కుంకుమ బొట్టు ఆరకముందే అబద్ధమాడాను.

అప్పట్నుంచి ఆవిడకి ఏం కావాలన్నా నేనే తీసుకెళ్లేదాన్ని. నా ఎలక్ట్రిక్ కారులో పక్కన కూర్చుని, సిగ్నల్ దగ్గర లేని బ్రేకుని కుడికాలితో నొక్కుతూ ఉండేవారు. ప్రతి వారం, "బండి వచ్చిందా?" అని అడిగేవారు. "ఇంకా లేదాంటీ. ఏదో పార్ట్ రావాలంట," అనేదాన్ని. ఒకసారి ఆ మాటకి నా వైపు తిరిగి, "కాడిలాక్‌కి పార్ట్ దొరకలేదా?" అన్నారు. మూడు కార్ల ముక్కల కథ నాకు చెప్పిన మనిషికే ఆ అబద్ధం చెబుతున్నానని అప్పటికి గానీ తట్టలేదు. ఆవిడే మళ్లీ, "సరేలే, వస్తుంది," అని కిటికీ వైపు తిరిగారు. చలికాలం ముదిరాక అడగడం మానేశారు. నమ్మారనుకుని ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గులేకుండా కొంచెం సంతోషించాను కూడా.

ఈ మధ్య బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక మళ్లీ నడిపించడానికి రిహాబ్ సెంటర్‌లో పెట్టారు. ఒక సాయంత్రం కాఫీ ఫ్లాస్క్ తీసుకుని వెళితే, హ్యాండ్‌బ్యాగ్ అందుకోమన్నారు. లోపలి జేబులోంచి ఒక తాళం తీసి నా అరచేతిలో పెట్టారు.

"స్పేర్ కీ. రెండూ ఒకచోట ఉంటే మంచిది."

"బండి ఇంకా మెకానిక్ దగ్గరే..." అని మొదలుపెట్టాను.

"మీ మెకానిక్‌కి చెప్పు. గరాజ్ తలుపు కింద సందుంది, ఎలకలు దూరి వైర్లు కొరికేస్తాయి."

ఆవిడ మామూలుగానే ఉన్నారు.

"ఎప్పుడు చూశారాంటీ?"

"చలి మొదలైనప్పుడే. వాకింగ్‌కని అటు వచ్చాను. మీ గరాజ్ కిటికీలోంచి దుప్పటి కింద తోక కనిపించింది. స్పేర్ తాళం కోటు జేబులోనే ఉంది."

"మరి తీసుకెళ్లలేదేం? నన్ను తిట్టలేదేం?"

"ఆ పిల్ల స్ట్రోలర్ వెనక్కి లాక్కోవడం నేనూ చూశానే. కాకపోతే ఆలస్యంగా చూశాను," అన్నారు. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, "అడిగితే ఇచ్చేదాన్ని కదే," అన్నారు.

నేను క్షమించమని ఏదో గొణిగాను. ఆవిడ చెయ్యి ఊపి, కాఫీ పొయ్యమన్నారు. తాగి, బాగుందనీ బాగాలేదనీ ఏమీ అనలేదు. అదే మా ఆఖరి కాఫీ.

బండి ఆపడం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఎంతోమందికి తాళం చేతికిచ్చి వెనక్కి తప్పుకున్న మనిషి ఆవిడ. తన తాళం తన చేతులతో ఇచ్చేసే ఆ ఒక్క గౌరవం నేను దక్కనివ్వలేదు. ఆవిణ్ణి చిన్నపిల్లని చేసి ఏమార్చాను. ఆవిడ అది తెలిసీ, నేను చిన్నబోతానని శీతాకాలమంతా ఏమారినట్టు నటించారు. కంపెనీ పెద్ద తన బాధలోంచి ఒక స్టార్టర్ చేయించాడు. నేను ఒక అబద్ధం తయారు చేసి, దాని మీద దుప్పటి కప్పాను.

శనివారం అంత్యక్రియలకి వాళ్లబ్బాయి వచ్చాడు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లంతా ఎవరి కారు వాళ్లే నడుపుకుంటూ వచ్చారు. ఫ్యూనరల్ హోమ్ వాళ్లు తెచ్చిన పొడుగాటి నల్ల బండి ముందు కాడిలాక్ గుర్తే ఉంది. మాలో ఒకరిద్దరం దాన్ని చూసి మొహమొహాలు చూసుకున్నాం. ఆంటీ చివరి ప్రయాణం జోకు అందరికీ గుర్తొచ్చింది కానీ ఎవరికీ నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి గరాజ్‌లోకి వెళ్లి దుప్పటి తీశాను. పసుపు స్వస్తిక్ ఎండి పెళుసుబారి ఉంది. డ్రైవర్ తలుపు తీసి చూస్తే, దసరా నాడు నా పొడుగుకి తగ్గట్టు వెనక్కి జరిపిన సీటు అలాగే ఉంది. తలుపు మీద సీటు జ్ఞాపకం పెట్టుకునే బటన్లున్నాయి. ఒకటో నంబరు ఆంటీది. దాన్ని నొక్కి పట్టుకున్నాను. ఖాళీ సీటు చిన్నగా మూలుగుతూ ముందుకి జరిగింది, పైకి లేచింది, పొట్టి మనిషికి రోడ్డు కనిపించేంత ఎత్తులో ఆగింది. అద్దాలు కూడా వాటంతటవే తిరిగి ఆవిడ చూపుకి సర్దుకున్నాయి.

తాళాలు రెండూ ఆ సీటు మీద పెట్టాను. వెనక తలుపు తీసుకుని, వెనక సీట్లో కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా.